కోనసీమలో డ్రైవరుతో అద్దె కారు: పిల్లల వయసును బట్టి ఒక సమీక్ష

రాజమహేంద్రవరంలో రైలు దిగి, డ్రైవరుతో సహా ఒక కారును మూడు నాలుగు రోజులకు మాట్లాడుకొని, గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న కోనసీమను, ఆ పాయలకు ఆవలనున్న ద్రాక్షారామం, పాలకొల్లు, నరసాపురం వంటి ఊళ్లను చుట్టి రావడం మా కుటుంబానికి ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. మా అమ్మాయి పాలసీసా వదలని వయసులో మొదలైన ఈ ప్రయాణాలు, ఆమె ఇంజినీరింగు చదువుతున్న ఈనాటికీ సాగుతున్నాయి. ఇన్నేళ్లూ మేము ఒకే యజమాని దగ్గరే కారు తీసుకున్నాము. ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే ఇటువంటి సేవ కాకినాడలోనూ, అమలాపురంలోనూ, భీమవరంలోనూ ఇంచుమించు ఇవే షరతులతో దొరుకుతుంది. నేను చెప్పదలచింది ఒక్కటే. ఈ సేవకు పెట్టే డబ్బు గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది కారులో కూర్చున్న పిల్లల వయసును బట్టి పూర్తిగా మారిపోతుంది. మూడేళ్ల బిడ్డ ఉన్న ఇంటికి అది ఇచ్చే సాయం ఒకటి, పదేళ్ల పిల్లవాడికి ఇచ్చే సంతోషం వేరొకటి, పదహారేళ్ల అమ్మాయికి అది అడ్డుగా కూడా నిలవవచ్చు. కారు మాట్లాడుకునేటప్పుడు మనం అడగవలసిన షరతులు కూడా ఆ వయసుతో పాటే మారాలి.

ముందుగా ధరల పద్ధతి చెప్పాలి. ఊరు దాటి వెళ్లే ప్రయాణానికి కిలోమీటరుకు ఇంతని ధర కడతారు, రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లు తిరిగినట్టు లెక్క వేస్తారు, డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు వేరుగా ఇవ్వాలి. రెండవది గంటల పద్ధతి. 8 గంటలకు 80 కిలోమీటర్లనో, 12 గంటలకు 120 కిలోమీటర్లనో ఒక మొత్తం అనుకొని, దాటితే గంటకూ కిలోమీటరుకూ అదనంగా తీసుకుంటారు. హైదరాబాదు నుంచి తిరుపతి వెళ్లేవారికి మొదటి పద్ధతి న్యాయంగానే ఉంటుంది. డెల్టాలో అది కుదరదు. రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం సుమారు 30 కిలోమీటర్లు, అమలాపురం 60 పైచిలుకు, అక్కడి నుంచి సముద్రం ఒడ్డునున్న అంతర్వేదికి సుమారు మరో యాభై. పొద్దున ఆరింటికి బయలుదేరి రాత్రి తొమ్మిదింటికి చేరినా, పిల్లలతో తిరిగే కుటుంబం రోజుకు 150 కిలోమీటర్లు దాటడం అరుదు. అంటే తిరగని దూరానికి దాదాపు సగం డబ్బు చెల్లిస్తున్నామన్నమాట. యజమానులు తమంతట తాము గంటల పద్ధతి గురించి చెప్పరు, అడిగితే మాత్రం చాలామంది ఒప్పుకుంటారు. ఈ ఒక్క విషయం తెలిసి మాట్లాడుకుంటే మిగిలే డబ్బుతో ఒక పూట బస ఖర్చు తేలుతుంది.

పిల్లలకు అయిదేళ్లు నిండని కాలంలో ఈ సేవకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఆ మార్కులు కారుకు కావు, డ్రైవరుకు. ఆ వయసు బిడ్డకు చూడవలసిన చోటు అంటూ ఏదీ లేదు. దారిలో కనిపించే గేదెలు, బాతులు, కాలువలో ఈదే కుర్రాళ్లు చాలు. చూడవలసినవన్నీ పెద్దలవి, అవసరాలన్నీ బిడ్డవి. మాకు ఎక్కువసార్లు వచ్చిన డ్రైవరు ముమ్మిడివరం వైపు మనిషి. ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందో, ఏ హోటల్లో అడిగితే పాలు విడిగా కాచి ఇస్తారో, మధ్యాహ్నం ఏ తోట పక్కన నిలిపితే కారులోకి ఎండ పడదో ఆయనకు కొట్టిన పిండి. ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడి ముందుకు చేరేసరికి పిల్ల నిద్రలోకి జారుకుంటే, మేము లేపబోయాము. ఆయన వారించి, "పాపని లేపకండమ్మా, ఏడుపుతో గుళ్లోకెళ్తే మీకూ దర్శనం అవదండి. మీరిద్దరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిరండి, నేనెక్కడికీ కదలనండి" అన్నారు. గంటసేపు అక్కడే నిలిచారు. ఆ గంటకు ఏ లెక్కలోనూ ధర లేదు.

కాలువ గట్ల మీది రోడ్లు మలుపుల మయం, ఏటవాలు వంతెనల మయం. చిన్నపిల్లలకు కడుపులో తిప్పడం తప్పదు. భోజనం అయిన గంట వరకు గట్టు రోడ్డు ఎక్కకూడదని, ఆ సమయానికి జాతీయ రహదారి మీద ఉండేలా దారి కలుపుకోవాలని మాకు చెప్పింది ఆ డ్రైవరే. పొద్దున ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, ఆత్రేయపురం గట్టు దారిలో వెళ్లి, మధ్యాహ్నం రావులపాలెం దగ్గర పెద్ద రోడ్డుకు చేరడం ఆయన పద్ధతి. శనివారం మాత్రం ఆ దారిని తప్పించేవారు. వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్లంతా ఆ రోజే వస్తారు కనుక, పసిపిల్లతో ఆ రద్దీలో చిక్కుకుంటే గంటలు గడిచిపోతాయి.

ఈ వయసుకు సంబంధించి ఈ సేవలో నేను క్షమించలేని లోపం ఒకటుంది. పిల్లల సీటు ఉన్న కారు ఏనాడూ రాలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, 14 ఏళ్లు నిండని పిల్లలను సీటు బెల్టుతో గానీ, పిల్లల కోసం చేసిన సీటులో గానీ భద్రంగా కూర్చోబెట్టకపోతే 1000 రూపాయల జరిమానా ఉంది. జరిమానా మాట అలా ఉంచి, ఒడిలో కూర్చున్న బిడ్డను సడన్ బ్రేకు వేసినప్పుడు తల్లి చేతులు ఆపలేవు. మేము రైల్లో సొంత సీటు మోసుకొని వెళ్లాము. అదీ కొన్ని కార్లలో వెనక బెల్టు బకిల్ సీటు సందులో కూరుకుపోయి, బిగించడానికి వీలుకాక ఇబ్బంది పెట్టింది. చిన్నపిల్లలున్నవారు కారు ఇంటి ముందుకు వచ్చాక కాక, ముందురోజే ఫోను చేసి వెనక బెల్టులు పైకి తీసి ఉంచమని చెప్పడం మేలు.

ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్యకాలం ఈ ప్రయాణాలకు బంగారు కాలమని నా అభిప్రాయం. బిడ్డ తన కాళ్ల మీద తాను నడుస్తుంది, ఆకలి వేస్తే నోరు తెరిచి చెబుతుంది, ఇంకా అమ్మానాన్నలతో ఉండటమే ఇష్టపడుతుంది. ఈ వయసులో సేవ విలువ ఎక్కడ ఆపుతారన్నదాని మీద ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ఆపితే బ్యారేజీకి 175 గేట్లున్నాయని చెప్పి లెక్క పెట్టమనవచ్చు. మా అబ్బాయి ప్రతిసారీ నలభై దాటాక తప్పేవాడు, ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టేవాడు. అక్కడే ఉన్న కాటన్ మ్యూజియంలో, 1847లో మొదలై 1852లో పూర్తయిన తొలి ఆనకట్ట కథ నమూనాలతో సహా ఉంది. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇది చరిత్ర పాఠంగా కాక, తాను రోజంతా చూడబోయే కాలువలన్నీ ఎక్కడ పుట్టాయో తెలిపే చోటుగా అర్థమవుతుంది. ఆ తర్వాత లొల్ల లాకుల దగ్గర నీళ్లు దూకడం చూసినప్పుడు, "ఇవి పొద్దున మనం చూసిన నీళ్లేనా?" అని వాడే అడిగాడు.

పి.గన్నవరం దగ్గరి అక్విడెక్టును చూపించకుండా ఏ పిల్లవాడినీ కోనసీమ దాటించకూడదు. కింద వైనతేయ పాయ, పైన కాలువ. నది మీద నది నడుస్తున్నట్టుంటుంది. రాజోలు వైపు లంకలకు సాగునీరు అందేది ఈ వంతెన మీదుగానే. పందొమ్మిదవ శతాబ్దంలో కట్టిన పాత వంతెన తోరణాలు కొత్తదాని పక్కనే కనిపిస్తాయి. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవారికి వేళ కాని వేళ కూడా అన్నం పెట్టిన ఆ లంకల గన్నవరం ఇల్లాలి కథను మా పిల్లలు విన్నది ఏ పుస్తకంలోనూ కాదు, వంతెన మీద కారు ఆపి డ్రైవరు చెబుతుండగా విన్నారు. సొంత కారులో మేమే నడుపుకుంటూ వెళ్తే ఆ వంతెనను అర నిమిషంలో దాటి వెళ్లిపోయేవాళ్లం.

పూతరేకుల దగ్గర ఆగడం అందరూ చేసేదే. పెట్టెలు కొనుక్కొని వచ్చేస్తే పిల్లలకు మిగిలేది తీపి మాత్రమే. మా డ్రైవరు ఆత్రేయపురంలో దుకాణాల వరుస దాటించి, రేకులు తీసే ఒక ఇంటి దగ్గర ఆపించారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి మట్టల మంట. పక్కన పల్లెంలో నీళ్లలా పలుచగా ఉన్న బియ్యప్పిండి. ఆ ఇంటావిడ చదరపు గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగగానే, గుడ్డ వెళ్లిన చోట కాగితం కంటే పలుచని పొర నిలిచింది. మరుక్షణం దాన్ని చేత్తో ఒలిచి పక్కన పేర్చింది. మా అమ్మాయి అలవాటు చొప్పున తానూ చేస్తానంటే, ఆవిడ నవ్వి గుడ్డ చేతికిచ్చింది. తీసిన రేకు రెండు ముక్కలైంది. దానికే నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మడిచి, "నీ రేకు నువ్వే తినాలమ్మా" అని ఇచ్చింది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పత్రికలో చదివినప్పుడు, మా అమ్మాయి ఆ వార్తను తన స్నేహితులందరికీ పంపింది.

ఇక పంటు, అంటే మనుషులనూ బండ్లనూ నది దాటించే పెద్ద పడవ. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి వసిష్ఠ మీద పంటు దాటడం మా పిల్లల దృష్టిలో మొత్తం యాత్రకు పరాకాష్ఠ. చించినాడ వంతెన ఉంది కనుక అటు వెళ్లడమే సుఖమని యజమాని ఫోనులో సలహా ఇచ్చారు. సుఖమన్న మాట నిజమే, రేవులో నిరీక్షణ ఉంటుంది, ఎండ ఉంటుంది. అయినా ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలుంటే పంటు దాటించే తీరాలి. డ్రైవరు అందరినీ ముందే దింపి, ఖాళీ కారును పంటు మీదికి ఎక్కిస్తారు. ఇది భద్రత కోసం తప్పనిసరిగా పాటించవలసిన పద్ధతి, కారులో కూర్చొనే ఎక్కుతామని పేచీ పెట్టకూడదు. మోటారు సైకిళ్లు, కూరగాయల గంపలు, చేపల తట్టలు, బడిపిల్లలు, వాటి మధ్య మన కారు. చక్రాల కింద పలకలు కిర్రుమంటుంటే, ఇంతసేపూ మనల్ని మోసిన కారు ఇప్పుడు మనతో పాటు పడవెక్కిందని పిల్లలకు ఎంత ఆశ్చర్యమో చెప్పలేను. నరసాపురంలో దిగి, పాలకొల్లులో క్షీరారామ దర్శనమూ దిబ్బరొట్టీ ముగించుకొని, వచ్చేటప్పుడు చించినాడ వంతెన మీదుగా దిండికి చేరితే, ఒకే పాయను ఒకసారి పంటు మీద, ఒకసారి వంతెన మీద దాటినట్టవుతుంది. వరదల కాలంలో, అంటే జులై నుంచి సెప్టెంబరు వరకు, నీటి ఉధృతిని బట్టి పంటు నిలిపివేస్తారు. ఆ నెలల్లో వెళ్లేవారు బయలుదేరే ముందే కనుక్కోవాలి.

గుళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. మా మామగారు, అత్తగారు వెంట ఉంటే ద్రాక్షారామం, ముక్తేశ్వరం, అయినవిల్లి, మందపల్లి, అప్పనపల్లి, అంతర్వేది అన్నీ ఒకే రోజు చుట్టాలంటారు. పిల్లలకు రోజుకు రెండు గుళ్లకు మించి ఓపిక ఉండదు. అయినవిల్లి సిద్ధి వినాయకుడి దగ్గర మాత్రం పిల్లలే ముందుంటారు. పరీక్షల ముందు స్వామి దగ్గర పూజ చేసిన పెన్నులను అక్కడ విద్యార్థులకు పంచుతారు.

పన్నెండు దాటాక పిల్లలు మారతారు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు వచ్చిన ఏడాది, ఒకప్పుడు కేకలు వేసిన పంటు మీద ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని నిలబడింది. ఆ ఏడాది మా వారు చాలా బాధపడ్డారు, ఇన్ని వేలు పోసి తెచ్చింది ఫోను చూసుకోవడానికా అన్నారు. నా అభిప్రాయం వేరు. ఆ వయసు పిల్లలు ప్రయాణాన్ని ఇష్టపడటం మానరు, పెద్దలు ముందే రాసి పెట్టుకున్న ప్రయాణాన్ని మాత్రం ఇష్టపడరు. అద్దె కారు సేవ కష్టం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. వాహనం, గంటలు, దారి అన్నీ ముందురోజే ఖాయం చేసుకున్నాక, పిల్ల "ఇక్కడే సాయంత్రం దాకా ఉందాం" అంటే లెక్క తప్పుతుంది. తల్లిదండ్రులు గడియారం చూస్తారు, పిల్ల మూతి ముడుచుకుంటుంది. ఆ తర్వాత మేము ఒక మార్పు చేశాము. మూడు రోజుల్లో ఒక రోజును పిల్లల చేతికి వదిలేశాము. ఎక్కడికి వెళ్లాలో, ఎంతసేపు ఉండాలో, ఏం తినాలో వారే నిర్ణయిస్తారు, మేము వెనక కూర్చుంటాము. ఆ రోజుకు గంటల పద్ధతిలో కాకుండా రోజు మొత్తానికి ఒక ధర మాట్లాడుకోవాలి. దానికి యజమాని ఒప్పుకోవడానికి కొంత బతిమాలాల్సి వచ్చింది.

ముందు సీటు కూడా ఈ వయసులోనే పెద్ద విషయమవుతుంది. అంతవరకు మా మామగారిదైన ఆ సీటులో మా అబ్బాయి కూర్చోవడం మొదలుపెట్టాక, డ్రైవరుకూ వాడికీ ఒక స్నేహం కుదిరింది. వాడి ఫోనులోని మ్యాపు దగ్గర దారి అని చూపిన గట్టు రోడ్డులో ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే కారు ఎక్కడా పక్కకు తీయలేమని ఆయన వివరించేవారు. బోడసకుర్రు వంతెన దాటి పాశర్లపూడి చేరినప్పుడు, 1995 జనవరి 8న అక్కడి గ్యాసు బావిలో బ్లో అవుట్ జరిగి, అంటే గ్యాసు అదుపు తప్పి పైకి తన్నుకొచ్చి, 65 రోజులు మంట ఆరకుండా ఎగసిందని ఆయన చెప్పారు. ఆయన అప్పటికి కుర్రవాడు. "రాత్రుళ్లు దీపం అక్కర్లేకపోయేదండి, ఆ హోరుకి పక్కనోడు మాట్లాడితే వినపడేది కాదండి" అన్నారు. ఆ మరుసటి ఏడాది నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో వాళ్ల తోటలో ఒక్క కొబ్బరి చెట్టు కూడా నిలవలేదని, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా నాన్న కూలికి వెళ్లారని, తాను డ్రైవింగు నేర్చుకున్నది ఆ కారణంగానేనని చెబుతుంటే, మా అమ్మాయి చెవుల్లోని ఇయర్‌ఫోన్లు ఎప్పుడు బయటికి వచ్చాయో నేను గమనించలేదు. రోడ్డుకు ఇరువైపులా ఉన్న తోటల్లో ఎన్ని ఆ తుఫాను తర్వాత నాటినవని ఆమె దారి పొడవునా అడుగుతూనే ఉంది. ఇటువంటి కథ చెప్పగల మనిషి స్టీరింగు దగ్గర ఉండటమే పెద్ద పిల్లలున్న కుటుంబానికి ఈ సేవలో దొరికే అసలు విలువ. అందుకే కారు మాట్లాడేటప్పుడు కారు మోడలు కంటే ముందు డ్రైవరుది ఏ ఊరని అడగండి. డెల్టా మనిషి కాకపోతే, చిన్నపిల్లలున్నప్పుడు సర్దుకోవచ్చు గానీ, పెద్ద పిల్లలున్నప్పుడు సగం ప్రయాణం చప్పబడుతుంది.

ఆ వయసు పిల్లలకు కోరంగి మడ అడవులు కూడా బాగా నచ్చుతాయి. యానాం దాటి కాకినాడ వెళ్లే దారిలో, చెట్ల మధ్యగా వేసిన చెక్క బాట మీద నడుస్తూ, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లను చూడవచ్చు. 1978లో ఏర్పడిన ఈ అభయారణ్యంలో చేపలు పట్టి తినే బావురుపిల్లులు ఉన్నాయని చదివి, మా వాడు వాటి కోసం చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. కనిపించలేదు. అయినా విసుక్కోలేదు.

తర్వాత ఇంటరు. మన ఇళ్లలో ఆ రెండేళ్ల గురించి వేరే చెప్పనక్కర లేదు. దసరాకు రెండు రోజులు, సంక్రాంతికి మూడు రోజులు ఇస్తే గొప్ప, ఆ రోజుల్లోనూ పిల్ల పుస్తకం చేతిలో పట్టుకొనే ఉంటుంది. ఆ కాలంలో ఒక్క రోజు ప్రయాణాలకు మాత్రమే కారు తీసుకున్నాము, అదీ పొద్దున ఆలస్యంగా బయలుదేరి చీకటి పడకముందే వచ్చేసేలా. ఆత్రేయపురం మీదుగా వెళ్లి, అంబాజీపేటలో పనసాకుల దొన్నెల్లో ఉడికించిన పొట్టిక్కలనే ఇడ్లీలు తిని, వచ్చేయడమే. ఆ వయసు పిల్లలకు నిద్ర కావాలి. వెనక సీటులో తలగడ పెట్టి పడుకోనిస్తే చాలు, ఏమీ చూడకపోయినా ఆ ప్రయాణం వారికి మేలే చేస్తుంది. తల్లిదండ్రులెవరూ ఆ రెండేళ్లలో ప్రయాణాలు పూర్తిగా మానేయవద్దని నా మనవి.

పద్దెనిమిది నిండి లైసెన్సు చేతికి రాగానే మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "ఇంకా డ్రైవరు ఎందుకమ్మా?" సొంతంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే నల్ల నంబరు ప్లేటు కార్లు ఇప్పుడు ఈ వైపు కూడా దొరుకుతున్నాయి. ఒకసారి ఆ పద్ధతి కూడా ప్రయత్నించాము. జాతీయ రహదారి 216 మీద, యానాం నుంచి అమలాపురం మీదుగా రాజోలు వరకు, అమ్మాయి చక్కగా నడిపింది. ఆ ప్రయాణంలో పిల్లల ముఖాల్లో కనిపించిన ఉత్సాహం డ్రైవరు ఉన్న కారులో నేనెప్పుడూ చూడలేదు. అన్నాచెల్లెళ్లలా కాక, ఇద్దరు ఉద్యోగుల్లా వంతులు వేసుకొని ఒకరు నడిపితే ఒకరు దారి చూశారు. పాటలు వారివి, ఆగిన చోట్లు వారివి. కానీ గట్టు రోడ్డు మీద, ఒక పక్క కాలువ, ఒక పక్క పొలం పల్లం, ఎదురుగా బస్సు వచ్చినప్పుడు మా అమ్మాయి చేతులు స్టీరింగు మీద బిగుసుకోవడం నాకు కనిపించింది. డెల్టా గట్టు రోడ్లలో చాలాచోట్ల రక్షణ గోడ ఉండదు, రాత్రి దీపాలు ఉండవు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవారు రహదారి వరకు నడపవచ్చు, గట్టు మీద మాత్రం అనుభవం ఉన్నవారి చేతికే ఇవ్వాలి. పగటిపూట మాత్రమే ఇవ్వాలి.

అందువల్ల మేము మళ్లీ డ్రైవరు దగ్గరికే వచ్చాము. దానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అత్తగారికి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, ప్రతి గంటకూ ఒకసారి దిగి నాలుగడుగులు వేయాలి. ఒకప్పుడు పసిపిల్ల కోసం ఆయన గుర్తు పెట్టుకున్న శుభ్రమైన మరుగుదొడ్లు, నీడ ఉన్న తోటలు, మెట్లు తక్కువగా ఉన్న గుడి ద్వారాలు ఇప్పుడు ఆవిడకు పనికొస్తున్నాయి. ఆవిడ దిగే వైపు ముందుగా తలుపు తీసి నిలబడేది ఇప్పుడు మా అబ్బాయి.

ఇక లోపాలు. ఒక దసరాకు మేము మాట్లాడుకున్న కారు బదులు వేరే కారు పంపారు. అందులో మూడవ వరుసకు చల్లగాలి రాదు. చిన్నప్పుడు ఆ వరుసలో ఆడుకుంటూ కూర్చున్న పిల్లలకు ఇప్పుడు మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, పైగా ఉక్కపోత. ఫోను చేస్తే, పండుగ రోజుల్లో మరో బండి లేదన్నారు, ధర మాత్రం తగ్గించలేదు. పదేళ్లు దాటిన పిల్లలు ఇద్దరు, పెద్దలు నలుగురు ఉంటే ఏడు సీట్ల కారు పేరుకే ఏడు సీట్లది. అటువంటప్పుడు రెండు చిన్న కార్లు తీసుకోవడం ఖర్చులో పెద్ద తేడా లేకుండానే అందరికీ హాయి. రెండవది, కొందరు డ్రైవర్లు ఫలానా మిఠాయి దుకాణం దగ్గరే ఆపుతారు, అక్కడి సరుకు పక్క దుకాణం కంటే ఖరీదు. మా పాత డ్రైవరు అలా చేయలేదు, ఆయన రాని ఏళ్లలో వచ్చినవారు చేశారు. మూడవది ముఖ్యమైనది. రద్దీ రోజుల్లో అద్దె బండికి బదులు ఎవరిదో సొంత కారు, తెల్ల ప్లేటుది, పంపడం ఉంది. పసుపు ప్లేటు లేని కారులో అద్దెకు ప్రయాణిస్తూ ప్రమాదం జరిగితే బీమా రాకపోవచ్చు. పిల్లలతో వెళ్లేవారు ఈ విషయంలో మొహమాటపడకుండా బండిని వెనక్కి పంపేయాలి. ఒకసారి మేము పంపాము, రెండు గంటలు స్టేషనులో కూర్చున్నాము, సరైన బండి వచ్చింది.

మొత్తం మీద, అయిదేళ్ల లోపు పిల్లలున్నవారికి ఈ సేవను మారుమాట లేకుండా సిఫారసు చేస్తాను, సీటు మీరే తీసుకెళ్లాలన్న షరతుతో. ఆరు నుంచి పన్నెండు వరకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు, దారిలో ఆగడానికి సమయం దండిగా పెట్టుకుంటే. పదమూడు దాటినవారితో వెళ్తే డెల్టాకు చెందిన డ్రైవరును, ఒక రోజంతా గంటల లెక్క లేని ఒప్పందాన్ని పట్టుబట్టి అడగండి. ఆ రెండూ దొరక్కపోతే దిండిలోనో అమలాపురంలోనో ఒకే చోట బస చేసి, అవసరమైన పూటకు మాత్రం బండి పిలుచుకోవడం నయం. నెలల విషయానికి వస్తే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి అన్నిటికంటే అనుకూలం. వేసవి సెలవుల్లో ముంజలు, మామిడిపళ్లు ఉంటాయి గానీ, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు పిల్లలను కారు దింపలేము. సంక్రాంతికి వెళ్లదలచినవారు కనీసం నెల ముందే కారు మాట్లాడుకోవాలి. కనుమ నాడు అంబాజీపేట వైపు జగ్గన్నతోటలో పదకొండు రుద్రుల ప్రభలు (దేవుణ్ని నిలిపి, అలంకరించి, ఊరేగించే వెదురు కట్టడాలు) చేరే తీర్థానికి వెళ్లేటట్టయితే, కారు చాలా దూరంలోనే ఆపేస్తారు. ప్రభలను భుజాల మీద ఎత్తుకొని కౌశిక కాలువ దాటించడం చూడాలంటే పిల్లలూ పెద్దలూ పొలాల గట్ల మీద నడవాల్సిందే. మళ్లీ కారు దగ్గరికి చేరేటప్పటికి చీకటి పడుతుంది కనుక, డ్రైవరు ఎక్కడ నిలుస్తారో గుర్తుగా ఒక గుడినో బడినో ముందే అనుకోండి. ఆ జనసమ్మర్దంలో ఫోను కలవదు.